చిట్టి అడిగిన లాప్‌టాప్

మధ్యాహ్నం రెండు దాటింది. పొద్దుటి నుంచి ఒకటే తుంపర. గొడుగు వేసుకుంటే నవ్వుతారు, వేసుకోకపోతే చొక్కా తడిసి వీపుకి అంటుకుంటుంది. కాటాకి కడుపు కరకరలాడుతోంది. గోడౌన్‌లో లారీ దించేటప్పుడు తాగిన టీ తప్ప లోపల ఏమీ లేదు. ఎక్కడైనా కూర్చుని తిందామంటే ఈలోపు లాప్‌టాప్‌ల కొట్టు భోజనానికి మూసేస్తారేమోనని భయం. పైగా లోపలి జేబులో ఉన్నది ఇంటిల్లిపాదీ కూడబెట్టిన డబ్బు. అందులోంచి ఒక్క నోటు కదిపినా మిగతావన్నీ కదులుతాయి.

అతను గోడౌన్‌లో హమాలీ. పెట్టెని ఒక్కసారి చేతిలోకి తీసుకుంటే చాలు, సరుకు నిండుగా ఉందో, దారిలో ఎవరైనా చెయ్యి పెట్టారో చెప్పేస్తాడు. తేలిగ్గా ఉన్న పెట్టెని చూసుకోకుండా దించుకుంటే ఆ నష్టం హమాలీల కూలిలోంచే పోతుంది. అందుకని అనుమానం వచ్చిన ప్రతి పెట్టెనీ అతని దగ్గరికే తెస్తారు. అలా అతని పేరు కాటా అయింది. ఇంట్లో భార్య కూడా కోపం వస్తే అదే పేరు పెట్టి పిలుస్తుంది. నడుము పట్టేశాక వారంలో సగం రోజులే పని. నడుము పోయినా చెయ్యి పోలేదని మాత్రం అతని ధైర్యం.

కొట్టు ఒక సందులో ఉంది. పాత లాప్‌టాప్‌లు బాగుచేసి అమ్ముతారు. నడిపేది ఒక ఆవిడ. జుట్టు ముడిలో స్క్రూడ్రైవర్ గుచ్చుకుని, మూత తీసిన మిషన్ మీదికి వంగి ఉంది.

"కూర్చో అన్నా. ఎవరికి?"

"ఇంటికి."

"ఇల్లు టైపు చెయ్యదు కదన్నా. వాడేదెవరు?"

కాటా లోపలి జేబు తడుముకున్నాడు. ఆ ప్రశ్నకి ఇంట్లో అందరికీ తెలిసిన జవాబు ఒకటుంది. చిట్టికీ తనకీ మాత్రమే తెలిసిన జవాబు ఇంకొకటుంది.

చిట్టి అతని చెల్లెలు. నలభైకి దగ్గర పడుతున్నా ఇంట్లో ఆ పేరే మిగిలింది. అమ్మ పోయినప్పటి నుంచీ అన్న దగ్గరే ఉంటోంది. మందుల షాపులో నిలబడి పనిచేస్తూనే డిగ్రీ కట్టి పాసైంది. తరవాత ఒక ఆఫీసులో చేరింది. ఎవరో ఎక్కడో కొన్న వస్తువు పాడైతే వాళ్ళు తిడుతూ రాస్తారు, ఈమె మర్యాదగా జవాబు రాయాలి. ఆ రోజుల్లో చిట్టి మనిషే వేరు. పొద్దున బస్సులో కిటికీ పక్క సీటు కోసం ముందు స్టాపుకి నడిచి వెళ్ళేది. సాయంత్రం వస్తూ వస్తూ ఆఫీసులో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో, ఎవరి డబ్బాలో ఎవరు తిన్నారో కథలు కథలుగా చెప్పి వదినని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించేది.

ఆ తరవాత ఆఫీసు వాళ్ళు అద్దె దండగనుకుని అంతస్తు ఖాళీ చేశారు. ప్రతివాళ్ళ చేతిలోనూ ఒక లాప్‌టాప్ పెట్టి, ఇక ఇంటి నుంచే చేసుకోండి అన్నారు. ఇంట్లో అందరూ సంబరపడ్డారు. బస్సు ఖర్చు మిగులుతుంది, మనిషి కళ్ళెదుటే ఉంటుంది. అప్పుడే కాటా నడుము కూడా పోయింది. అప్పటి నుంచి ఇల్లు గడుస్తున్నది చిట్టి జీతం మీదే.

ముందుగదిలో కిటికీ పక్కన ఒక కుర్చీ, ఒక చిన్న బల్ల. చిట్టి అక్కడే. ఆ లాప్‌టాప్‌లో ఒక మూల ఆకుపచ్చ చుక్క ఉంటుంది. మౌస్ కాసేపు కదలకపోతే అది పసుపు రంగుకి మారుతుంది. మారిందా, ఎక్కడో కూర్చున్న సూపర్‌వైజర్ ఫోన్ చేస్తుంది. అందుకని ఇంట్లో ఒక పద్ధతి వచ్చింది. చిట్టి లేస్తే ఎవరో ఒకరు వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని మౌస్ కదుపుతూ ఉండాలి. వదిన కూరగాయలు తరుగుతూ తరుగుతూ మోచేత్తో కదుపుతుంది. పాప, అంటే కాటా కూతురు, పుస్తకం చదువుతూ కదుపుతుంది. "అత్తా, స్నానానికి వెళ్తూ పాట మొదలుపెట్టకు, నా చెయ్యి పడిపోతోంది," అని అరుస్తుంది. ఇదంతా మొదట్లో నవ్వులాటే. రానురాను ఎవరూ నవ్వడం మానేశారు. చిట్టి కథలు చెప్పడమూ మానేసింది. చెప్పడానికి ఆ కుర్చీలో ఏం జరుగుతుంది గనక?

ఇంకో లాప్‌టాప్ కొనాలనే మాట పాప చదువు వల్ల వచ్చింది. పాఠాలన్నీ దాంట్లోనే చూడాలి, దాంట్లోనే రాసి పంపాలి. చిట్టి మిషన్‌లో ఆఫీసు పని తప్ప ఏది ముట్టుకున్నా వాళ్ళకి తెలిసిపోతుంది. వదిన కుట్టు డబ్బు తీసింది, కాటా తన కూలి కలిపాడు, పెద్ద వాటా చిట్టిది. కొనడానికి మాత్రం చిట్టి వెళ్ళలేదు. ఆమెకి సెలవున్న రోజు ఆ కొట్టుకీ సెలవే.

రెండో జవాబు చిట్టి వంటింట్లో, వదిన నీళ్ళు పట్టడానికి వెళ్ళినప్పుడు చెప్పింది.

"అన్నయ్యా, వేరే ఊళ్ళో ఒక పని ఉంది. ఆఫీసుకి వెళ్ళి చేసేదే. పరీక్ష పెడతారు. కెమెరా ఎదురుగా టైపు చేసి చూపించాలి, ఫోన్‌లో కుదరదు. గదిలో నేనొక్కదాన్నే ఉండాలట."

"మనింట్లో ఒక్కళ్ళే ఉండే గది ఎక్కడుందే?"

"మెట్ల గది. అక్కడ ప్లగ్గు లేదు. అందుకే చెప్తున్నా, బాగా విను. తేలిగ్గా ఉండాలి. వైరు లేకుండా నడవాలి, రెండు మూడు గంటలైనా బ్యాటరీ నిలబడాలి. మిగతావి ఎలా ఉన్నా పర్లేదు. వదినకి ఇప్పుడే చెప్పకు."

"మరి ఇల్లు..." అన్నాడు కాటా.

"నెలనెలా పంపిస్తాను. పంపించనని ఎందుకనుకుంటావు?" అంది చిట్టి. ఆ మాట అన్నాక ముఖం తిప్పుకుని కుర్చీ వైపు పరిగెత్తింది. చుక్క పసుపెక్కే వేళయింది.

ఇప్పుడు కొట్టు ఆవిడ అతని జేబుకి సరిపోయేవి రెండు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి పల్చగా, పలకలా ఉంది. మూత మీద గీతలు. ఇంకొకటి దళసరిగా, వెడల్పుగా ఉంది, మూలలు ఎక్కడా నలగలేదు.

"పల్చటిది బాగుంటుంది అన్నా. బ్యాటరీ నేనే కొత్తది వేశాను. ఆ పెద్దదాంట్లో బ్యాటరీ వీక్. ఎక్కువసేపు ఆగదు. ముందే చెప్తున్నా."

కాటా పల్చటిదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. చెయ్యి దానంతట అదే పైకి లేచిపోయింది. లోపల ఏమీ లేని పెట్టె ఎత్తినట్టుంది. అలవాటు కొద్దీ ఒక మూల పట్టుకుని చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు.

"అన్నా, అన్నా! పుచ్చకాయ కొంటున్నావా? కింద పెట్టు!" ఆవిడ గబుక్కున లాక్కుంది.

"లోపల ఏదన్నా తీసేశారా?"

"ఏం తీస్తాం? వాటి తయారీయే అంత."

తరవాత పెద్దది ఎత్తాడు. చేతికి బరువు తగిలింది. మణికట్టు కాస్త వంగింది. ప్రాణం లేచొచ్చింది అతనికి. ఇన్నేళ్ళ మోతలో చేతికి ఆనిన పెట్టె ఏదీ అతన్ని మోసం చెయ్యలేదు. తేలికైనవే కొంప ముంచాయి. ఒకే డబ్బుకి బరువైనది వస్తుంటే గుల్లది కొనుక్కెళ్తే గోడౌన్‌లో తలెత్తుకోగలడా?

అయినా చిట్టి మాట చెవిలోనే ఉంది. తేలికది. అతను మళ్ళీ పల్చటిదాని వైపు చూశాడు. అప్పుడే భార్య ఫోన్ చేసింది.

"ఏమయ్యా, కొన్నావా? తెర పెద్దది చూడు. పాప కళ్ళు పాడవుతాయి. నేనూ జాకెట్ల మెడలు చూసుకోవాలి."

"చిట్టి తేలికది కావాలంది."

"తేలికదెందుకూ? ఇంట్లో ఉండేదేగా! నెత్తిన పెట్టుకుని ఊరేగుతామా?"

ఇంట్లో ఉండేదేగా. ఆ మాట పట్టుకున్నాడు కాటా. ఆకలికి చెవులు గుయ్యిమంటున్నాయి. పెద్దదాని మీద చెయ్యి వేసి, "ఇది ఇచ్చెయ్యమ్మా," అన్నాడు.

"నీ ఇష్టం. నచ్చకపోతే శనివారం లోపు తీసుకురా. ఈ పల్చటిది అప్పటిదాకా పక్కన పెడతాను. డబ్బేమీ తియ్యను, మార్చిస్తాను," అంది ఆవిడ.

ఇంటికి వచ్చేసరికి పాప గుమ్మంలోనే అందుకుంది. వదిన చేతులు తుడుచుకుని వచ్చి, "ఇదీ లాప్‌టాప్ అంటే! ఆఫీసు వాళ్ళిచ్చినది దీని పక్కన పిల్లలా ఉంది," అని మురిసిపోయింది. చిట్టి కుర్చీలోంచి లేవలేదు. మెడ మాత్రం తిప్పి చూసింది. పని అయ్యాక వచ్చి, రెండు చేతులతో ఎత్తి, మళ్ళీ కింద పెట్టింది. తెర వెలిగించింది. వైరు పీకింది. వదిన నోట్లోంచి వస్తున్న మాట పూర్తయ్యేలోపే తెర నల్లబడింది.

"అయ్యో, ఏమైంది?" అంది పాప.

"ఏం కాలేదు. వైరు ఊడింది," అంది చిట్టి.

వదిన, పాప అటు వెళ్ళాక కాటా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "శనివారం లోపు మారుస్తానంది. రేపే తీసుకెళ్తాను."

"సరే అన్నయ్యా."

మర్నాడు లారీ వచ్చింది. దొరికిన కూలి వదులుకోలేడు. ఆ మర్నాడు నడుము లేవనివ్వలేదు. ఈలోగా పాప తన పాఠాలన్నీ అందులో పెట్టేసుకుంది, వదిన పక్కింటావిణ్ణి పిలిచి మరీ చూపించింది. శుక్రవారం సాయంత్రం కాటా దాన్ని గుడ్డలో చుట్టి, చంకలో పెట్టుకుని బయల్దేరాడు. బస్ స్టాపు దాకా వెళ్ళాడు. బస్సు వచ్చింది, ఆగింది. డ్రైవర్ అతని వైపు చూసి, "ఎక్కుతావా, చూస్తావా?" అన్నాడు.

కాటా ఎక్కలేదు.

చంకలో ఉన్నది పెద్ద బరువేమీ కాదు. అతను మోసినవాటి ముందు అది లెక్కలోకి రాదు. కానీ దాన్ని తీసుకెళ్ళి తేలికదాన్ని తెస్తే, ఆ తేలికది పట్టుకుని చిట్టి మెట్ల గదిలోకి వెళ్తుంది, పరీక్ష రాస్తుంది, పాసవుతుంది. చదువులో ఎప్పుడూ తప్పలేదు. ఆ తరవాత ముందుగదిలో ఆ కుర్చీ ఖాళీ. నెలనెలా పంపిస్తుంది, నిజమే. ఎన్ని నెలలు? అక్కడ గదికి అద్దె కట్టుకోవాలి, తినాలి. ఈ నడుముతో తను ఏం మోస్తాడు? పాప ఏమవుతుంది? స్టాపులో మనుషులు మారారు, ఇంకో బస్సు వచ్చి పోయింది. అతను అలాగే నిలబడి, చీకటి పడుతుండగా ఇంటికి తిరిగి నడిచాడు.

"కొట్టు మూసుంది," అన్నాడు గుమ్మంలో చెప్పులు విడుస్తూ.

చిట్టి అతని ముఖంలోకి చూసింది. శుక్రవారం ఆ కొట్టు ఎప్పుడు మూస్తారో ఆమెకి తెలుసు. వెళ్ళేముందు అతనికి చెప్పినదే ఆమె.

"సరేలే," అంది.

పరీక్ష రోజు వచ్చింది. చిట్టి కొనుక్కొచ్చిన పొడుగాటి వైరు వంటింటి ప్లగ్గులో పెట్టి, కిటికీలోంచి బయటికి లాగి, మెట్ల మీదుగా పైనున్న మెట్ల గదికి తీసుకెళ్ళింది. వదిన ఊళ్ళో వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళింది, పాప బళ్ళో ఉంది. మౌస్ దగ్గర కాటా. జనాల తిట్లకి జవాబులు ఎలాగని అడిగితే, ఒక గంట ఎవరి తిట్లూ తన వంతు రాకుండా సర్దుకున్నానంది. "చుక్క మాత్రం పచ్చగా ఉంచు. ఇంకేం ముట్టుకోకు," అంది.

"పెద్ద పెద్ద బస్తాలు మోశానే, ఇదో లెక్కా?"

"బస్తా పారిపోదు అన్నయ్యా. ఇది జారిపోతుంది. మెల్లగా పట్టుకో."

కాటా అరిచేతిలో మౌస్ కనబడటం లేదు. అటూ ఇటూ కదుపుతూ, చుక్క మీదే కళ్ళు పెట్టి కూర్చున్నాడు. పైనుంచి చిట్టి గొంతు సన్నగా వినిపిస్తోంది. ఎవరికో నమస్కారం చెప్పింది. నవ్వింది కూడా. ఇంట్లో ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. తరవాత టైపు చేస్తున్న చప్పుడు, ధారగా, ఎక్కడా ఆగకుండా. పాసైపో తల్లీ, అనుకున్నాడు. అనుకున్నాక తనే ఉలిక్కిపడ్డాడు.

అప్పుడు ఫ్యాను ఆగింది.

కరెంటు పోయింది. పైన టైపు చప్పుడు తెగిపోయింది. ముందుగదిలో ఆఫీసు లాప్‌టాప్ మాత్రం మామూలుగా వెలుగుతూనే ఉంది. దానికి బ్యాటరీ ఉంది, ఆఫీసు వాళ్ళిచ్చిన నెట్ డబ్బాకీ బ్యాటరీ ఉంది. చుక్క పచ్చగా, నిమ్మళంగా ఉంది. కాటా చెయ్యి ఆపలేదు. ఆపితే ఏమవుతుందో అని భయం, కదుపుతుంటే ఏడుపు. కరెంటు రావాలని చిన్నప్పుడు కూడా అంతగా కోరుకోలేదు. రాలేదు. వచ్చేసరికి మధ్యాహ్నం అయింది.

చిట్టి ఆ పెద్దదాన్ని రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. వైరు ఆమె వెనకాలే మెట్ల మీద ఈడ్చుకుంటూ వచ్చింది.

"మళ్ళీ పెడతారేమో, అడగకూడదా?" అన్నాడు కాటా.

"ఫోన్ చేశాను. చాలామంది ఉన్నారట వరసలో."

"ఆ కొట్టావిణ్ణి అడుగుతాను. శనివారం దాటినా..."

"లే అన్నయ్యా. నా టైమైంది," అని మౌస్ మీదికి చెయ్యి చాపింది. అతను లేచాడు. ఆమె కూర్చుని, ఎవరిదో పాడైపోయిన వస్తువు గురించి మర్యాదగా రాయడం మొదలుపెట్టింది.

ఆ తరవాత చాలా నెలలు ఇంట్లో ఏ గొడవా లేదు. పాపకి మంచి మార్కులు వచ్చాయి. వదిన కొత్త రకం మెడలు కుట్టి నలుగురిలో పేరు తెచ్చుకుంది. చిట్టి అన్నతో మాట్లాడటం మానలేదు. నడుముకి మందు రాసుకున్నావా, గొడుగు తీసుకెళ్ళు, కూర ఉంది వేసుకో. మాటలన్నీ అలాంటివే. కాటా ఎదురుచూసింది తిట్టు కోసం. శుక్రవారం కొట్టు తెరిచే ఉంది కదూ, అని ఒక్కసారి అడిగేస్తే బాగుండునని. ఆమె అడగలేదు. తెల్లవారుతూనే లేచి, వంటింటి ప్లగ్గు దగ్గర నేల మీద కూర్చుని పెద్దదాంట్లో ఏదో టైపు చేసుకునేది. నీళ్ళకి లేచిన కాటా ఆ వెలుతురు చూసి, దాహం చంపుకుని వెనక్కి వెళ్ళి పడుకునేవాడు.

ఆమె వెళ్ళిపోయిన రోజు అతనికి పని లేదు. భోజనాలయ్యాయి. వదిన లోపల మిషను తొక్కుతోంది. చిట్టి కుర్చీలోంచి లేచింది. ఇంటి పద్ధతి ప్రకారం ఎవరూ పిలవకుండానే కాటా వెళ్ళి కూర్చుని మౌస్ మీద చెయ్యి వేశాడు. ఆమె అతని వెనకనుంచి వెళ్ళింది. పెరటి తలుపు గడియ చప్పుడైంది. ఆరేసిన బట్టలకి వెళ్ళిందనుకున్నాడు.

కుట్టు మిషను ఆగుతూ సాగుతూ ఉంది. కాటా చెయ్యి మార్చుకున్నాడు. మళ్ళీ మార్చుకున్నాడు. పక్కింట్లో కుక్కర్ కూత వేసింది.

"చిట్టీ!" అని పిలిచాడు.

చప్పుడు లేదు. ఇంకాసేపు కదిపి, లేచి పెరట్లోకి వెళ్ళాడు. తీగ మీద పాప గౌన్లు, వదిన చీర, అతని లుంగీ ఉన్నాయి. చిట్టి బట్టల చోట క్లిప్పులు మాత్రమే ఉన్నాయి. వెనక గేటు దగ్గరగా వేసి ఉంది. సందు చివరిదాకా చూశాడు. ఎవరో సైకిల్ తోసుకుంటూ వస్తున్నారు. పరిగెత్తితే బస్ స్టాపులో దొరుకుతుందేమో. ఒక అడుగు వేశాడు. ఆ స్టాపులో తను నిలబడిన శుక్రవారం గుర్తొచ్చి, ఆ అడుగు వెనక్కి తీసుకుని గేటు గడియ పెట్టాడు.

లోపల ఫోన్ మోగుతోంది. చిట్టి ఫోన్ కాదు, ఆఫీసు వాళ్ళిచ్చినది, బల్ల మీదే ఉంది. తెర మీద చుక్క పసుపెక్కింది. కాటా ఫోన్ ఎత్తాడు.

"మేడమ్ సీట్లో లేరా?" అంది అటునుంచి సూపర్‌వైజర్.

"లేదమ్మా."

"ఎంతసేపట్లో వస్తారు? నేను రాసుకోవాలి."

కాటా కుర్చీ వైపు చూశాడు. కూర్చోలేదు.

"రాదమ్మా," అన్నాడు.

అటునుంచి ఆవిడ ఏదో అడుగుతూనే ఉంది. లోపలి గదిలో మిషను ఆగింది.

"ఏమయ్యా," అంది భార్య, "ఎవరు రారు?"